చింతపండుతో తోమిన తుపాకీ

మా ఇంట్లో తుపాకీ ఉందని చెబితే కొత్తవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. నన్ను ఎగాదిగా చూశాక మళ్లీ ముందుకు వస్తారు. బక్కపలచని మనిషిని. పంచె మోకాళ్ల పైకి కట్టుకుని, చేతులకు కంద దురద పోవడానికి రాసుకున్న కొబ్బరినూనె వాసనతో తిరుగుతుంటాను. తుపాకీ ఉన్న మనిషికి ఉండాల్సిన మీసం కూడా నాకు లేదు. మా ఆవిడ ఉన్న రోజుల్లో ఈ విషయం పదిమందిలో చెప్పి నవ్వేది.

తుపాకీ మా నాన్న కొన్నది, ఒంటి గొట్టంది. గోదావరి పాయ నడుమ మాకు కొంత లంక భూమి ఉంది. ఇల్లు ఏటిగట్టు మీద, చేను ఏటి మధ్యలో. పొద్దున పడవెక్కి వెళ్లడం, చీకటి పడకముందు పడవెక్కి రావడం. అక్కడ అరటి వేస్తాం, కంద వేస్తాం. అడవిపందులు ఆ లంకలోకి ఎలా వచ్చాయో ఎవరికీ తెలియదు. ఏదో వరదకు కొట్టుకొచ్చాయంటారు. కందదుంప మీద వాటికున్న ప్రేమ అంతా ఇంతా కాదు. మా వైపు కందబచ్చలి కూర లేకపోతే అది పెళ్లిభోజనమే కాదంటారు. పందులకైతే బచ్చలి కూడా అక్కర్లేదు. ఒక్కపూటలో చేనంతా దున్నేసి పోతాయి.

పోనీ పందిని కాల్చవచ్చా అంటే కాల్చకూడదు. చట్టం ఒప్పుకోదు. గాల్లోకి పేల్చి బెదిరించాలి, అంతే. పందికి ఉన్న దిక్కు కందకు లేదు, కంద వేసినవాడికి అసలే లేదు. ఈ మాట నేను చాలాచోట్ల, చాలాసార్లు అన్నాను. ఎవరూ నవ్వరు ఇప్పుడు. విని విని విసుగెత్తిపోయారు.

మా రేవు దగ్గర టీ కొట్టు ఉంది. రిటైరైన హెడ్‌మాస్టారు ఒకాయన రోజూ అక్కడికి పేపరు చదవడానికి వస్తారు. నేను ఆయనతో వాదించడానికి వెళ్తాను. ఆయనకు ప్రభుత్వం ఏం చేసినా అందులో ఒక అర్థం కనిపిస్తుంది. నాకు అందులో ఒక వేలు కనిపిస్తుంది, అది నా వైపే చూపిస్తూ ఉంటుంది. చేలో పంట వేశానా లేదా అని ఒక కుర్రాడొచ్చి నన్ను చేలో నిలబెట్టి ఫోటో తీస్తాడు. బియ్యం కావాలంటే వేలిముద్ర. మా గేదె చెవికి పసుపు బిళ్ల కుట్టి దానికో నంబరిచ్చారు. పొలం సరిహద్దుకు కొత్త రాయి. ఇవన్నీ అయ్యాక తుపాకీల వంతు వచ్చింది. లైసెన్సున్న ప్రతి తుపాకీనీ స్టేషన్‌కు తెచ్చి చూపించాలి, దాని ఒంటి మీదున్న నంబరును ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తారు, అప్పుడు దేశంలో ఇంకే తుపాకీకీ లేని నంబరొకటి దానికి వస్తుంది, ఆ నంబరు లేనిది లైసెన్సు చెల్లదు.

"నాన్ననాటి లైసెన్సండీ. ఎలక్షన్లొచ్చిన ప్రతిసారీ నేనే పట్టుకెళ్లి స్టేషన్లో అప్పజెప్తున్నాను. అయ్యాక వెళ్లి తెచ్చుకుంటున్నాను. ఇంకా ఏం కావాలంట?" అన్నాను మాస్టారుతో.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? నంబరు తుపాకీకి ఇస్తారు, మీక్కాదు కదా."

"ఇక్కడ కందను నేనేనండి. దురద నాదే."

కొట్టులో ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన పేపరు మడిచారంటే పాఠం మొదలైనట్టే.

"చూడండీ, మీకది పందులు తోలుకునే గొట్టం. దారిన పోయేవాడికి అది తుపాకీయే. వాడి వైపు నుంచి కూడా చూడాలి కదా. ఎవరి దగ్గర ఏముందో ప్రభుత్వానికి తెలియకపోతే, రేపు ఎక్కడో ఎవడో పేలిస్తే ఎవర్ని అడుగుతారు?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను, అది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం.

"నా దగ్గర ఏముందో వాళ్లకెందుకండీ? నా దగ్గర ఏం లేదో వచ్చి అడిగాడా ఎవడైనా?" అన్నాను.

నేను అలా అనాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. టీ కొట్టు ఆవిడ అడగకుండానే నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. మాస్టారు మళ్లీ పేపరు విప్పుకున్నారు.

మా ఆవిడ పోయి రెండేళ్లు. వరద తీసిన తర్వాత జ్వరం వచ్చింది, రాజమహేంద్రవరం తీసుకెళ్లాం, తిరిగి తీసుకురాలేదు. మాకు పిల్లల్లేరు. ఉన్న ఇద్దరం ఒకరితో ఒకరం దెబ్బలాడుకుంటూ కాలక్షేపం చేసినవాళ్లం. దెబ్బలాడేందుకు మనిషి లేకపోవడమే ఒంటరితనమంటే. మిగతావన్నీ అలవాటైపోతాయి. అన్నం వండుకోవడం వస్తుంది, బట్టలు ఆరేసుకోవడం వస్తుంది. కానీ "ఈ కూరలో ఉప్పెక్కువైంది" అని ఎవరి మీద విసుక్కోవాలి?

అప్పట్లో నాకు ప్రభుత్వం మీద కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. మా ఆవిడ చీర దండెం మీద నుంచి నేనింకా తీయనేలేదు, రేషన్ కార్డులోంచి ఆవిడ పేరు తీసేశారు. వాళ్ల పని వాళ్లు చేశారు, తప్పేం లేదు. సచివాలయంలో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. అయినా కొత్త కార్డులో నా పేరొక్కటే చూసి, దాన్ని బీరువాలో పడేసి, చాలా రోజులు బియ్యానికే వెళ్లలేదు.

తుపాకీ సంగతి చెప్పాలంటే మా ఆవిడ గురించి చెప్పకుండా కుదరదు. ఆవిడకు తుపాకీ అంటే భయం లేదు. ప్రత్యేకమైన గౌరవమూ లేదు. పార, పలుగు, కొడవలి, మందు కొట్టే మిషను, నా మోటారు సైకిలు, వీటన్నిటితో పాటు అదొక సామాను. దసరాకు మా ఇంట్లో ఆయుధపూజ చేసేది ఆవిడే. ముందురోజు సామానంతా పెరట్లోకి చేర్చి, ముక్కాలి పీట వేసుకుని, చింతపండు నానబెట్టుకుని, ఇటుకపొడి, కొబ్బరి పీచు పక్కన పెట్టుకుని కూర్చునేది. దేవుడి దగ్గర ఇత్తడి కుందుల్ని ఏ చేత్తో తోమేదో తుపాకీనీ అదే చేత్తో తోమేది. లంక గాలికి ఇనుము తుప్పు పట్టకుండా ఉండదు. ఆవిడ తోమిందంటే మా నాన్న కొన్ననాటిలా మెరిసేది.

పెళ్లైన కొత్తలో ఒక దసరాకు కుంకుమ గిన్నె చేత్తో పట్టుకుని నన్ను పిలిచింది.

"ఏవండీ, దీనికి మొహం ఎటువైపండీ?"

"తుపాకీకి మొహమేంటే! కాల్చేవైపు మొహం."

"అటు పెడితే కుంకుమంతా గొట్టంలోకి పోద్ది. ఇదిగో, ఇక్కడేవో అంకెలు చెక్కారు. ఇదే దీని నుదురు."

అని, గొట్టం మొదట్లో ఉన్న అంకెల మీద గంధం రాసి కుంకుమ పెట్టింది. అప్పట్నుంచి ప్రతి దసరాకూ అక్కడే. ఏడాది తిరిగేసరికి అంకెల గాళ్లలో పాత కుంకుమ గట్టిపడి ఇరుక్కుపోయేది. పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టకూడదని ఆవిడ పట్టుదల. అందుకని మిగతా తుపాకీ కంటే ఆ అంకెల్నే ఎక్కువసేపు రుద్దేది. పెరట్లోంచి ఆ గీకుడు చప్పుడు వినిపిస్తుంటే, "తుపాకీ అరిగిపోద్దే" అని నేను అరుగు మీద నుంచి అరిచేవాణ్ణి. "అరిగితే కొత్తది కొనండి, మీసం కూడా కొనుక్కోండి" అనేది.

అంకెలు నిజంగానే అరిగిపోతాయని నేనెందుకు అనుకుంటాను? చూస్తే కుంకుమ కనిపించేది. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో కూడా ఎవరూ చూసేవారు కాదు. లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరు చూసి రాసుకుని, తుపాకీని తీసుకెళ్లి మిగతా తుపాకీల పక్కన, పెళ్లింట్లో గొడుగుల్లాగా, గోడకు ఆనించేవారు.

ఆవిడ పోయాక నేను దసరా చేయలేదు. తుపాకీకి తుప్పు పట్టింది. కానీ దాని వాడకం మాత్రం పెరిగింది.

ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది. పొద్దుగూకే వేళకు లంకలో కూలీలంతా వెళ్లిపోతారు. నేను చివరి పడవ దాకా అక్కడే ఉంటాను, ఇంటికి తొందరగా వెళ్లి చేసేదేముంది? ఆ వేళకు ఒకసారి గాల్లోకి పేల్చేవాణ్ణి. సన్నపాయ అవతల ఇంకో లంక ఉంది. అక్కడ వంగతోట వేసుకున్న రైతు ఒకాయన ఆ చప్పుడుకు కేకేసేవాడు.

"ఏంటండోయ్, పందులా?"

"ఆయ్! పందులే!"

"పోయాయా అండీ?"

"పోయాయండీ!"

అంతే మా సంభాషణ. ఆయన మొహం నేను దగ్గరగా చూసింది తక్కువ. గొంతు మాత్రం ఎక్కడ విన్నా గుర్తుపడతాను. పందులు నిజంగా వచ్చిన రోజులు కొన్ని. రాని రోజులే ఎక్కువ. పందుల్లేకపోయినా పేల్చేవాణ్ణి, ఎందుకంటే ఆ రోజుకు నాతో మాట్లాడే గొంతు అదొక్కటే అయ్యేది. మనిషి ఊరికే పిలిస్తే ఎవరైనా పలుకుతారు కదా అంటారు మీరు. ఊరికే పిలవడం అందరికీ రాదు. నాకు రాదు.

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చాక తుపాకీని పాత దుప్పట్లో చుట్టి, మోటారు సైకిలు మీద అడ్డంగా కట్టుకుని వెళ్లాను. లోపల పొగరుగానే ఉన్నాను. రాసుకోండి, ఫోటోలు తీసుకోండి, నా తుపాకీని నాకు ఇవ్వండి, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అడిగినా ఊరుకోను అనుకుంటూ వెళ్లాను. స్టేషన్లో రాతకోతలన్నీ చూసే కానిస్టేబుల్ని రైటర్ అంటారు. ఆ రైటర్ తుపాకీని బల్ల మీద పెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి, బొటనవేలితో తుడిచి, మళ్లీ లైటు వేశాడు.

"నంబరెక్కడండీ?"

"అక్కడే. గొట్టం మొదట్లో."

"ఇక్కడ ముందు రెండంకెలే ఉన్నాయండీ. మిగతావి లేవు."

నేనూ వంగి చూశాను. ఇనుము అక్కడ చేతులు మారి మారి అరిగిన రూపాయి బిళ్లలా నున్నగా ఉంది. మిగిలిన రెండో అంకె గాడిలో ఎర్రగా ఏదో కనిపించింది. రైటర్ తుప్పన్నాడు. అది తుప్పు కాదని నాకు తెలుసు.

"నంబరు చెరిపేసిన తుపాకీ దగ్గరుండటం పెద్ద నేరమండీ. దొంగ తుపాకీలకే అలా చేస్తారు" అన్నాడతను, నా వయసు చూసి కాస్త తగ్గించి.

"మా నాన్న రొక్కమిచ్చి కొన్నదయ్యా అది. ఇన్నేళ్లూ మీ స్టేషన్లోనే పెట్టి తెచ్చుకుంటున్నాను, ఇవాళ దొంగదైందా?"

"నేనేం చేయగలనండీ. పుస్తకంలో ఉన్నది చాలదు, కంప్యూటర్‌కి తుపాకీ మీదున్న నంబరు ఫోటో కావాలి. ఎస్సై గారు సోమవారం ఉంటారు. వచ్చి, ఇలా ఎలా అయిందో వాంగ్మూలం ఇవ్వండి. అప్పటిదాకా తుపాకీ ఇక్కడే ఉంటుంది."

ఖాళీ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. ఎండలో మోటారు సైకిలు పక్కన చాలాసేపు నిలబడ్డాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. పెరట్లో పీట, చింతపండు గిన్నె, ఆ గీకుడు చప్పుడు, అవే గుర్తొస్తున్నాయి.

మాస్టారుకు చెప్పాను. ఇంకెవరికి చెబుతాను? ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన తమ్ముడు రాజమహేంద్రవరం కోర్టులో వకీలు, ఆయనకు ఫోన్ చేసి కనుక్కున్నారు కూడా. సాయంత్రం మళ్లీ రేవుకొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"భయపడక్కర్లేదంటండీ. ఉన్నదున్నట్టు చెప్పేయండి. మీ ఆవిడ పూజకని తోమేది, తెలియక అరిగిపోయింది అని. కావాలని చెరిపింది కాదు కాబట్టి, పైకి రాసి కొత్త నంబరు కొట్టించే దారుంటుందంట. అదే మీరే తోమారంటే, లైసెన్సున్నవాడివి, నీకు తెలియదా అంటారు. తుపాకీ పోద్ది, కేసు కూడా అవ్వచ్చు." ఆయన ఒక్క క్షణం ఆగి, మంచి కోసమే, ఇంకో మాట అన్నారు. "ఎలాగూ పోయినవాళ్ల మీద కేసు పెట్టరు కదండీ."

నేను లేచి నిలబడ్డాను.

"అంటే ఏంటండీ? రేషన్ కార్డులో పేరు ఉండటానికి పనికిరాలేదు గానీ పోలీసు కాగితంలోకి పనికొస్తుందా? కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కించేది ఇందుకా?"

"నేననేది అది కాదు..."

"మీరనేది నాకర్థమైంది. ఆవిడ మీద నెట్టేసి నా తుపాకీ నేను తెచ్చుకోవాలి. మీరు చెప్పండి పాఠాలు, నేను వినను."

ఆయన మొహం చిన్నబోయింది. నాకు కనిపించింది. అయినా వెనక్కి తిరగకుండా ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు టీ కొట్టుకు వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. ఉన్న ఒక్క స్నేహితుడితోనూ అలా మాటల్లేకుండా పోయాయి. అందులో ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు.

ఆ రోజుల్లో లంకలో సాయంత్రాలు ఎలా గడిచాయో చెప్పలేను. తుపాకీ లేదు కాబట్టి ఒకరోజు పాత నూనె డబ్బా తీసి కర్రతో వాయించాను. అవతలి లంకలోంచి కేక రాలేదు. డబ్బాలు అందరూ వాయిస్తారు, దానికెవరు పలుకుతారు? ఇంకాస్త గట్టిగా వాయించాను. ఏటి మీద కొంగలు లేచి వెళ్లి ఇసుకలో దిగాయి. ఆయన అవతల మోటారు కట్టేసి, సామాను సర్దుకుని, నా వైపు చూడకుండానే పడవెక్కాడు. చూడకపోవడం ఆయన తప్పు కాదు. కనీసం "ఓయ్" అని ఒక్క కేక నేను వేసి ఉండొచ్చు. వేయలేదు. పోయినవాళ్లను ఏమీ అడగలేం, ఉన్నవాళ్లను అడగడం రాదు, నా బతుకు ఇలా అయిందేంటని ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

కానీ ఆ కూర్చోవడంలోనే ఒకటి తేల్చుకున్నాను. నేనే తోమానని చెబుతాను. తుపాకీ పోతే పోనీ. కేసైతే కానీ, తిరుగుతాను కోర్టుల చుట్టూ, నాకు వేరే పనేముంది? జీవితంలో ఎవరి మాటా పడకుండా బతికిన మనిషి, ఎవరికీ అన్యాయం చేయని మనిషి, ఆమె పేరు నా మూలంగా పోలీస్ స్టేషన్లో ఉండకూడదు. నాకు మిగిలిన పని ఆ ఒక్క పేరును కాపాడుకోవడమే అనిపించింది. ఆ నిర్ణయంతో చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

సోమవారం వెళ్లాను. ఎస్సై చిన్నవయసు అమ్మాయి. నేను లోపలికి వెళ్లగానే కుర్చీ చూపించి, మంచినీళ్లు తాగుతారా అని అడిగింది. నేను దెబ్బలాటకు సిద్ధపడి వెళ్లాను. మర్యాద చేస్తుంటే ఎటు తిరగాలో తెలియలేదు. బల్ల మీద నా తుపాకీ ఉంది. రైటర్ పక్కన కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పండీ. నంబరు ఎలా పోయింది?"

"తోమితే పోయిందమ్మా. దసరాకు ఆయుధపూజ చేస్తాం. చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమితే అరిగిపోయింది."

"ఎవరు తోమేవారు?"

"నేనే."

రైటర్ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎస్సై గారు తుపాకీని దగ్గరకు లాక్కుని, గొట్టం మీద వేలు పెట్టి పైనుంచి కిందదాకా నడిపించింది. వేలికి అంటిన తుప్పును చూసుకుంది. అనుమానంతో కాదు, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"మరి ఇప్పుడెందుకు తోమట్లేదండీ?"

దానికి సమాధానం సిద్ధం చేసుకోలేదు నేను. ఒంట్లో బాగోలేదని చెప్పొచ్చు. ఓపిక లేదని చెప్పొచ్చు. మరిచిపోయానని చెప్పొచ్చు. ఏదైనా చెల్లుతుంది. బల్ల మీదున్న ఆ తుప్పు గొట్టం వైపే చూస్తున్నాను. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు.

అప్పుడర్థమైంది నాకు నేనేం చేస్తున్నానో. ఆ మెరుపు నాది కాదు. ప్రతి దసరాకూ ముందురోజు పీట వేసుకుని వంగి, నడుం పట్టేసినా లేవకుండా, పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టకూడదని గాడి గాడీ గీకినది ఆవిడ. చేసింది ఆవిడైతే చేశానని నేను చెబుతున్నాను. రేషన్ కార్డులో పేరు కొట్టేసినవాళ్లు ఆవిడ పోయిందని కొట్టేశారు. నేను అసలు ఆవిడ అక్కడ లేనే లేదని రాయిస్తున్నాను.

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అని అడిగింది ఎస్సై.

"నేనేనమ్మా. నేనొక్కణ్ణే." గొంతు సరిచేసుకున్నాను. "నేను తోమలేదు. మా ఆవిడ తోమేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. అందుకే తుప్పు."

రైటర్ కలం ఆపి ఎస్సై వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను ముందు కాగితం తీసి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు.

"ఆవిడ పేరేంటండీ?"

రెండేళ్లుగా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్లకు తెలుసు, అడగరు. తెలియనివాళ్లకు అక్కర్లేదు, అడగరు. ఇంట్లో నేనొక్కణ్ణే, నాకు నేను పేరు పెట్టి పిలుచుకోను కదా. నా నోటితో ఆ పేరు అని ఎంతకాలమైందో. ఇక్కడ రాయను గానీ అక్కడ చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఫలానావారి రెండో అమ్మాయి అని వాళ్ల నాన్నగారి పేరు చెప్పాను. కోనసీమలో ఆవిడ పుట్టిన ఊరు చెప్పాను. అది అవసరమా అని రైటర్ అడగలేదు, రాస్తూ పోయాడు. పీట గురించి, కొబ్బరి పీచు గురించి, తుపాకీకి నుదురెక్కడో ఆవిడ ఎలా కనిపెట్టిందో, అన్నీ చెప్పాను. నా మీసం సంగతి కూడా చెప్పాను. ఎస్సై గారు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. మా ఆవిడ మాటకు ఒక మనిషి నవ్వడం చూసి ఎంతకాలమైంది!

ప్రభుత్వానికి ఇవన్నీ ఎందుకని టీ కొట్టులో అరిచినవాణ్ణి నేనే. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. గేదె చెవికి బిళ్ల చూసినప్పుడల్లా నాకు మండుతూనే ఉంటుంది. కానీ ఆ పూట ఆ గదిలో, వాళ్లు అడగనివి కూడా నేనే చెప్పుకున్నాను. ఇంకా అడిగితే బాగుండుననిపించింది. అడగడానికి వాళ్ల దగ్గరేమీ మిగల్లేదు.

"ఇది పైకి పంపిస్తామండీ. కలెక్టరాఫీసు వాళ్లు ఏం చెబితే అది. కొత్త నంబరు కొట్టమనొచ్చు, తుపాకీ వెనక్కి రాకపోవచ్చు. అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది" అంది ఎస్సై.

"ఉండనివ్వండమ్మా."

"సంతకం పెట్టేముందు ఒకసారి చదివి వినిపిస్తారు. ఎక్కడైనా తప్పుంటే చెప్పండి."

రైటర్‌కు ఫోన్ రావడంతో బయటికి వెళ్లాడు. కాగితం ఎస్సై గారే తీసుకుని చదివారు. స్టేషన్ భాష అది, మా ఆవిడ వింటే పగలబడి నవ్వేది. "సదరు తుపాకీని" అని ఉంది, "పూజా నిమిత్తం" అని ఉంది. దాని మధ్యలో ఆవిడ పేరు, ఇంటిపేరుతో, పక్కన నా భార్య అని. ఆ పేరు ఇంకో మనిషి గొంతులో, ఒక ఆడపిల్ల గొంతులో, స్పష్టంగా వినిపించింది. తర్వాత మళ్లీ వచ్చింది, ప్రతి దసరాకు ఆమె తన చేతులతో శుభ్రపరచెడివారు అనే చోట. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

చదవడం అయిపోయింది. ఆమె కలం నా వైపు జరిపారు.

"అంతా సరిగ్గా ఉందా అండీ? ఏమైనా మార్చాలా?"

"ఏం మార్చక్కర్లేదమ్మా" అన్నాను. కలం తీసుకోలేదు. "ఇంకోసారి చదువుతారా?"

ఆమె బయట బెంచీ మీద వేచి ఉన్నవాళ్ల వైపు ఒకసారి చూశారు. తర్వాత కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టారు.